శత్రువు సాక్ష్యంతో వెలుగుచూసిన శౌర్యం

1965 గగనతల పోరులో స్క్వాడ్రన్ లీడర్ దేవయ్య సాహసం - 23 ఏళ్ల తరువాత మహావీర చక్ర

1965 సెప్టెంబరు 7వ తేదీ తెల్లవారుజామున పంజాబ్‌లోని ఆదంపూర్ వైమానిక స్థావరం నుంచి పాకిస్థాన్‌లోని సర్గోధాపై దాడికి బయలుదేరిన యుద్ధ విమానాలలో ఒకటి తిరిగి రాలేదు. దానిని నడిపిన స్క్వాడ్రన్ లీడర్ అజ్జమాడ బోపయ్య దేవయ్య వయసు అప్పటికి 32 ఏళ్లు. ఆయనకు ఏమైందో చూసినవారు భారత పక్షాన ఒక్కరూ లేరు. ఆచూకీ తెలియనివారి జాబితాలో ఆయన పేరు చేరింది.

ఆ ఉదయం ఏం జరిగిందో దేశానికి తెలియడానికి పద్నాలుగేళ్లు పట్టింది. ఆ విషయాన్ని వెల్లడించినది పాకిస్థాన్ వైమానిక దళం కోరిక మేరకు ఒక ఆంగ్లేయుడు రచించిన గ్రంథం కావడం విశేషం. తనకంటే రెండింతల వేగం గల విమానాన్ని దేవయ్య నేలకూల్చి, ఆ పోరులోనే ప్రాణాలు అర్పించారని ఆ గ్రంథంతో రూఢి అయింది. 1988లో ప్రభుత్వం ఆయనకు మరణానంతరం మహావీర చక్ర ప్రకటించింది. మరణానంతరం ఈ పతకానికి ఎంపికైన వైమానిక దళ అధికారి ఆయన ఒక్కరే.

కొడగు బిడ్డ

దేవయ్య 1932 డిసెంబరు 24న కొడగులో జన్మించారు. కావేరీ నది పుట్టిన తలకావేరి, కాఫీ తోటలు, దట్టమైన అడవులు గల ఈ కొండసీమ ఆనాడు బ్రిటిష్ పాలనలో కూర్గ్ పేరిట ప్రత్యేక ప్రాంతంగా ఉండేది. 1956లో మైసూరు రాష్ట్రంలో విలీనమై, నేడు కర్ణాటకలో ఒక జిల్లాగా ఉంది. తెలుగువారిలో ఇంటిపేరు ముందు నిలిచినట్లే కొడవలలోనూ వంశనామం ముందు వస్తుంది. అజ్జమాడ ఆయన ఇంటిపేరు, బోపయ్య తండ్రి పేరు.

కొడవలకు ఆయుధం పూజనీయ వస్తువు. వరినాట్లు ముగిసిన తరువాత, సెప్టెంబరు తొలి రోజులలో వారు జరుపుకునే కైల్‌పోళ్దు పండుగనాడు ఇంటిలోని తుపాకులు, కత్తులు, పనిముట్లను పూలతో అలంకరించి పూజిస్తారు. స్వతంత్ర భారత సైన్యానికి తొలి భారతీయ సర్వసేనాధిపతి అయిన కె.ఎం.కరియప్ప, అనంతరకాలంలో సైన్యాధిపతిగా పనిచేసిన కె.ఎస్.తిమ్మయ్య ఇద్దరూ ఈ జిల్లాకు చెందినవారే. ఇంత చిన్న జిల్లా నుంచి సైన్యంలో చేరినవారి సంఖ్య చాలా ఎక్కువ. అటువంటి వాతావరణంలో పెరిగిన దేవయ్య సైన్యంవైపు కాక ఆకాశంవైపు చూశారు. 1954లో పైలట్‌గా భారత వైమానిక దళంలో చేరారు.

1965లో యుద్ధమేఘాలు కమ్ముకునే నాటికి ఆయనకు పదకొండేళ్ల అనుభవం ఉంది. కొత్త పైలట్లకు శిక్షణ ఇచ్చే బోధకుడిగా పనిచేస్తున్నారు. యుద్ధం రావడంతో ఆయనను నంబర్ 1 స్క్వాడ్రన్‌కు పంపారు. 'టైగర్స్'గా పేరొందిన ఈ స్క్వాడ్రన్ 1933లో ఏర్పడింది. భారత వైమానిక దళంలో మొట్టమొదటిది ఇదే. 1965లో ఇది ఆదంపూర్ నుంచి మిస్టీర్ విమానాలను నడిపేది.

దాడికి ముందు రాత్రి

1965 సెప్టెంబరు 1న పాకిస్థాన్ సైన్యం జమ్మూ ప్రాంతంలోని ఛాంబ్ సెక్టారుపై భారీ దాడి ప్రారంభించింది. ఆ సాయంత్రమే భారత వైమానిక దళం రంగంలోకి దిగింది. సెప్టెంబరు 6న భారత సైన్యం లాహోర్ దిశగా అంతర్జాతీయ సరిహద్దు దాటింది. ఆ సాయంత్రం పాకిస్థాన్ విమానాలు భారత స్థావరాలపై విరుచుకుపడ్డాయి. పఠాన్‌కోట్‌లో నేలమీద నిలిపి ఉన్న పలు విమానాలు తగులబడ్డాయి. హల్వారాపై ఆకాశంలో పోరు సాగింది. ఆదంపూర్‌వైపు బయలుదేరిన పాక్ విమానాలకు దారిలోనే ప్రతిఘటన ఎదురై, అవి వెనుదిరిగాయి.

అంతటితో ఆగలేదు. ఆ రాత్రి పఠాన్‌కోట్, ఆదంపూర్, హల్వారా స్థావరాల పరిసరాలలో పాకిస్థాన్ పారాచూట్లతో కమాండోలను దింపింది. చీకటిలో చెల్లాచెదురైన వారిలో ఎక్కువమంది తరువాతి రోజులలో పట్టుబడ్డారు. అయితే ఆ రాత్రి ఈ స్థావరాలలో ఉన్నవారికి మాత్రం ఏ పొదలో ఎవరున్నారో తెలియని పరిస్థితి. తెల్లవారేసరికి ప్రతిదాడికి బయలుదేరవలసిన పైలట్లు ఆదంపూర్‌లో గడిపిన రాత్రి అటువంటిది.

ప్రతిదాడికి ఎంచుకున్న లక్ష్యం సర్గోధా. పాకిస్థాన్ వైమానిక దళానికి గుండెకాయ వంటి స్థావరం అది. ప్రధాన స్థావరంతోపాటు చుట్టుపక్కల చిన్న రన్‌వేలు కూడా ఉన్న ఆ ప్రాంతానికి పటిష్ఠమైన రక్షణ ఏర్పాట్లు ఉండేవి. ఆదంపూర్ నుంచి దాదాపు 300 కిలోమీటర్ల దూరం. రాడార్‌కు చిక్కకుండా నేలకు దగ్గరగా ఎగురుతూ అంతదూరం వెళ్లి రావడమంటే మిస్టీర్‌కు ఇంధనం చాలీచాలని ప్రయాణమే. మధ్యలో పోరుకు దిగితే తిరిగి రావడం సందేహమే.

పదమూడవ పైలట్

ఈ దాడికి స్క్వాడ్రన్ అధిపతి వింగ్ కమాండర్ ఓ.పి.తనేజా నాయకత్వం వహించారు. ప్రణాళిక ప్రకారం వెళ్లవలసినవి 12 మిస్టీర్ విమానాలు. ఏదైనా ఒకటి ఆగిపోతే ఆ స్థానంలో వెళ్లడానికి మరో ఇద్దరు పైలట్లను సిద్ధంగా ఉంచారు. దేవయ్య ఆ ఇద్దరిలో ఒకరు. అంటే ఆ ఉదయం ఆయన వెళ్లి తీరవలసిన అవసరం లేదు. ఒక విమానం మధ్యలోనే తప్పుకోవడంతో ఆ ఖాళీలోకి దేవయ్య చేరి సర్గోధా దారి పట్టారు.

ఇంకా పూర్తిగా తెల్లవారకముందే విమానాలు లక్ష్యాన్ని చేరాయి. మసకవెలుతురులో సర్గోధాపై దాడి జరిపి తూర్పు దిక్కుకు మళ్లాయి. అప్పటికే గాలిలో కాపలా తిరుగుతున్న ఒక పాకిస్థానీ విమానాన్ని వాటిని అడ్డగించవలసిందిగా కిందినుంచి ఆదేశించారు. అది అమెరికాలో తయారైన ఎఫ్-104 స్టార్‌ఫైటర్. దానిని నడుపుతున్నది ఫ్లైట్ లెఫ్టినెంట్ అంజాద్ హుస్సేన్.

పోలిక లేని రెండు విమానాలు

ఈ పోరు గొప్పతనం అర్థం కావాలంటే రెండు విమానాల మధ్య తేడా తెలియాలి.

మిస్టీర్ ఫ్రాన్స్‌లోని దస్సో సంస్థ నిర్మించిన విమానం. 1957 నుంచి భారత్‌కు చేరింది. రెండు 30 మిల్లీమీటర్ల ఫిరంగులు దీని ప్రధానాయుధం. ధ్వని వేగానికి లోబడి ఎగిరే ఈ విమానాన్ని 1965 నాటికి ముఖ్యంగా నేలపై లక్ష్యాలను దెబ్బతీయడానికే వినియోగించేవారు.

స్టార్‌ఫైటర్ దీనికి ఒక తరం ముందున్న యంత్రం. ధ్వని వేగానికి రెండింతల వేగంతో దూసుకుపోగలదు. సన్నని పొడవాటి దేహానికి ఇరువైపులా ఏడు మీటర్లలోపు విస్తారం గల చిన్న రెక్కలతో చూడడానికి బాణంలా ఉండేది. మనిషి కూర్చున్న క్షిపణి అని దానికి పేరు. ఇంజిన్ వేడిని పసిగట్టి వెంటాడే సైడ్‌వైండర్ క్షిపణులు, ఆరు గొట్టాలతో తిరుగుతూ కాల్చే 20 మిల్లీమీటర్ల తుపాకీ దాని ఆయుధాలు. సైనిక సహాయం కింద అమెరికా పాకిస్థాన్‌కు ఇటువంటివి డజను ఇచ్చింది. ఆ కాలంలో ఉపఖండంలో మరే విమానమూ దానిని వెంటాడి పట్టుకోలేదని నమ్మకం ఉండేది.

అయితే ఆ విమానానికి ఒక బలహీనత ఉంది. రెక్కలు చిన్నవి కావడం వల్ల వేగం తగ్గినప్పుడు చురుకుగా మలుపు తిరగలేదు. వేగాన్ని నమ్ముకుని వచ్చి, దెబ్బతీసి, అదే వేగంతో దూరం కావడం దాని పద్ధతి. నేలకు దగ్గరగా, తక్కువ వేగంలో, మలుపుల పోరుకు దిగితే ఆ ఆధిక్యం తగ్గిపోతుంది. మిస్టీర్ వంటి పాత విమానానికి ఉన్న ఒకే ఒక్క అవకాశం అదే.

దెబ్బతిన్న విమానంతో ఎదురుదాడి

స్టార్‌ఫైటర్ మొదటి దాడి నుంచి దేవయ్య తప్పించుకున్నారు. వేగంలో ఎంతో ముందున్న ఆ విమానం మళ్లీ ఆయనను అందుకుని కాల్పులతో మిస్టీర్‌ను దెబ్బతీసింది. సాధారణంగా ఈ దశలో పైలట్ ముందు రెండు దారులు ఉంటాయి. పారాచూట్‌తో దూకి ప్రాణం కాపాడుకోవచ్చు, లేదా దెబ్బతిన్న విమానంతోనే సరిహద్దు చేరడానికి ప్రయత్నించవచ్చు. దేవయ్య ఆ రెండింటినీ కాదని శత్రువుపైకి మళ్లారు.

తన కాల్పులతో మిస్టీర్ పని అయిపోయిందని భావించిన హుస్సేన్‌కు అది తిరిగి తనపైకి రావడం ఊహించని పరిణామం. తక్కువ ఎత్తులో రెండు విమానాలూ తలపడ్డాయి. దేవయ్య ఫిరంగి గుండ్లు స్టార్‌ఫైటర్‌ను తాకాయి. విమానం అదుపు తప్పడంతో హుస్సేన్ పారాచూట్ సాయంతో బయటపడి ప్రాణాలు దక్కించుకున్నారు. దేవయ్య మాత్రం తన విమానంతో పాటే పాకిస్థాన్ నేలపై ప్రాణాలు విడిచారు.

సాక్షి లేని సాహసం

మిగిలిన విమానాలు ఆదంపూర్ చేరాయి. దేవయ్య రాలేదు. ఆయన చివరి క్షణాలను సహచరులెవరూ చూడలేదు. ఇంధనం కొద్దీ నడిచే ప్రయాణంలో ఎవరి విమానాన్ని వారు గట్టెక్కించుకోవలసిన స్థితి. విమాన విధ్వంసక తుపాకులకు గురయ్యారా, ఇంధనం చాలక కూలిపోయారా, శత్రువుకు పట్టుబడ్డారా అన్నది తేలలేదు.

యుద్ధంలో శౌర్య పతకానికి సాక్ష్యం ఆధారం. గగనతల పోరులో ఆ సాక్ష్యం మూడు రకాలుగా లభిస్తుంది. తోటి పైలట్ కళ్లారా చూడాలి. లేదా తుపాకీతోపాటు పనిచేసే కెమెరా తీసిన చిత్రం ఉండాలి. లేదా కూలిన శత్రువిమానం శకలాలు మన భూభాగంలో దొరకాలి. దేవయ్య విషయంలో ఈ మూడూ లేవు. సహచరులు ముందుకు వెళ్లిపోయారు, కెమెరా విమానంతోపాటే నాశనమైంది, శకలాలు రెండూ సరిహద్దు అవతలే మిగిలిపోయాయి. ఆ ఉదయం పాకిస్థాన్ ఒక స్టార్‌ఫైటర్‌ను ఎలా కోల్పోయిందో కూడా భారత్‌కు స్పష్టంగా తెలియదు.

అదే రోజు అదే సర్గోధా ఆకాశంలో పాకిస్థానీ పైలట్ ఎం.ఎం.ఆలం ఒక్క నిమిషంలోపు ఐదు భారత హంటర్ విమానాలను కూల్చినట్లు ఆ దేశం ప్రకటించింది. ఆ లెక్కను భారత చరిత్రకారులు అంగీకరించలేదు. అయినా ఆలం పేరు ఉపఖండమంతటా మారుమోగింది. అక్కడికి ఎంతో దూరంలో లేని పొలాలపై నిజంగా స్టార్‌ఫైటర్‌ను కూల్చిన దేవయ్య పేరు మాత్రం దస్త్రాలలో 'ఆచూకీ లేదు' అన్న మాట పక్కన ఉండిపోయింది. 1965 సెప్టెంబరు 23న యుద్ధం ఆగింది. 1966 జనవరిలో తాష్కెంట్ ఒప్పందం కుదిరింది. పట్టుబడిన పైలట్లు ఇళ్లకు చేరారు. వారిలో కొడగుకే చెందిన జనరల్ కరియప్ప కుమారుడు, హంటర్ పైలట్ కె.సి.కరియప్ప కూడా ఉన్నారు. దేవయ్య భార్యాబిడ్డలకు మాత్రం అటువంటి కబురు రాలేదు.

బయటపడిన నిజం

1979లో బ్రిటిష్ రచయిత జాన్ ఫ్రికర్ 1965 వైమానిక యుద్ధంపై 'బాటిల్ ఫర్ పాకిస్థాన్' అనే గ్రంథం వెలువరించారు. పాకిస్థాన్ వైమానిక దళం తన రికార్డులను, పైలట్లను ఆయనకు అందుబాటులో ఉంచింది. సహజంగానే ఆ పుస్తకం పాకిస్థాన్ విజయగాథగా సాగింది. అందులోనే సెప్టెంబరు 7 ఉదయం ఒక మిస్టీర్ పైలట్ స్టార్‌ఫైటర్‌ను ఎదిరించి కూల్చిన వృత్తాంతం కూడా ఉంది. ఆ పైలట్ పేరు రచయితకు తెలియదు.

అయితే భారత పక్షాన ఆ పేరు తెలిసినవారు ఉన్నారు. తెల్లవారుజామున జరిగిన ఆ సర్గోధా దాడి నుంచి తిరిగి రాని మిస్టీర్ ఒక్కటే. దానిని నడిపినది దేవయ్య. నాటి దాడికి నాయకత్వం వహించిన తనేజా ఈ విషయాన్ని గుర్తించారు. తన దళంలోని అధికారికి న్యాయం జరగాలని ప్రభుత్వానికి లేఖ రాశారు. యుద్ధం ముగిసి దశాబ్దాలు గడిచినా ఒక సహచరుని కోసం నాయకుడు కలం పట్టడం ఈ కథలో గుర్తుంచుకోదగిన మరో ఘట్టం.

పూర్వాపరాల పరిశీలన అనంతరం ప్రభుత్వం దేవయ్య శౌర్యాన్ని ధ్రువీకరించింది. 1988 ఏప్రిల్ 23న ఆయనకు ప్రకటించిన మహావీర చక్రను భార్య స్వీకరించారు. పోరు జరిగి అప్పటికి 23 ఏళ్లు. యుద్ధరంగంలో చూపిన శౌర్యానికి ఇచ్చే పతకాలలో పరమవీర చక్ర తరువాతి స్థానం మహావీర చక్రది. వెండితో చేసిన ఈ గుండ్రని పతకంపై ఐదు కోణాల నక్షత్రం ఉంటుంది. దాని పట్టీ సగం తెలుపు, సగం కాషాయ రంగులో ఉంటుంది.

సర్గోధా పొలాలలో సమాధి

మిగిలిన ప్రశ్న ఒక్కటే. దేవయ్య పార్థివ దేహం ఏమైంది? దీనికి సమాధానం కూడా అవతలి వైపు నుంచే వచ్చింది. పాకిస్థాన్ వైమానిక దళంలో ఎయిర్ కమడోర్‌గా పనిచేసిన కైసర్ తుఫైల్ ఆ దేశపు గగనతల పోరాటాలపై పరిశోధన జరిపారు. పొలాలలో దాదాపు చెక్కుచెదరని స్థితిలో లభించిన దేవయ్య దేహాన్ని అక్కడి గ్రామస్థులు ఖననం చేసినట్లు ఆయన రాశారు. యుద్ధం నడుస్తున్న రోజులలో, తమ ఊరి మీదుగా బాంబులతో వెళ్లిన పరాయి సైనికుని దేహానికి ఆ రైతులు మట్టి ఇచ్చారు.

దేవయ్యతో తలపడి బతికి బయటపడిన అంజాద్ హుస్సేన్ మళ్లీ 1971 యుద్ధంలో విమానం నడిపారు. అమృత్‌సర్ ప్రాంతంలో భారత తుపాకులు ఆయన స్టార్‌ఫైటర్‌ను కూల్చగా యుద్ధ ఖైదీగా పట్టుబడ్డారు. తరువాత స్వదేశం చేరారు. ఒకే పోరులో ఎదురుపడిన ఇద్దరిలో ఒకరు రెండుసార్లు పారాచూట్‌తో నేలకు దిగారు, మరొకరికి ఆ అవకాశం ఒక్కసారైనా రాలేదు.

నిలిచిన జ్ఞాపకం

పి.వి.ఎస్.జగన్‌మోహన్, సమీర్ చోప్రా కలిసి రచించగా 2005లో వెలువడిన 1965 వైమానిక యుద్ధ చరిత్ర రెండు దేశాల ఆధారాలనూ పక్కపక్కన పెట్టి ఆనాటి పోరాటాలను వివరించింది. కొడగు జిల్లా కేంద్రం మడికేరిలో దేవయ్య పేరిట ఒక కూడలి, ఆయన విగ్రహం ఉన్నాయి. 2025 జనవరిలో విడుదలైన హిందీ చిత్రం 'స్కై ఫోర్స్' ఈ ఉదంతం ప్రేరణతోనే రూపొందింది. అందులో పాత్రల పేర్లు మార్చారు.

సాహసం చేసినవారి పేరు వెంటనే లోకానికి తెలుస్తుందన్న హామీ యుద్ధం ఎవరికీ ఇవ్వదు. ఎవరూ చూడని చోట, ఎవరూ చూస్తారన్న ఆశ లేని క్షణంలో దేవయ్య వెనుదిరగలేదు. ఆయన పోరును చూసిన ఒకే ఒక్క మనిషి ఆయన చేతిలో ఓడిన ప్రత్యర్థి. ఆ ప్రత్యర్థి ప్రాణాలతో మిగలడం వల్ల, తన ఓటమిని దాచకుండా చెప్పడం వల్ల, దానిని చదివిన నాయకుడు మరచిపోకుండా లేఖ రాయడం వల్ల ఈ శౌర్యగాథ దేశానికి దక్కింది. ఈ మూడింటిలో ఏ ఒక్కటి జరగకపోయినా దేవయ్య పేరు ఈనాటికీ ఆచూకీ లేనివారి జాబితాలోనే ఉండేది.

సంక్షిప్తంగా

పేరు: స్క్వాడ్రన్ లీడర్ అజ్జమాడ బోపయ్య దేవయ్య
జననం: 1932 డిసెంబరు 24, కొడగు
వైమానిక దళంలో చేరిక: 1954
స్క్వాడ్రన్: నంబర్ 1 (టైగర్స్), ఆదంపూర్
విమానం: మిస్టీర్
వీరమరణం: 1965 సెప్టెంబరు 7, సర్గోధా దాడిలో
కూల్చిన విమానం: పాకిస్థాన్‌కు చెందిన ఎఫ్-104 స్టార్‌ఫైటర్
పురస్కారం: మహావీర చక్ర (మరణానంతరం), 1988